చెయ్యి గుంజుతోందా? ముందు వెబ్‌సైటు పనిని లెక్కపెట్టండి

ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలు రోజూ పెట్టే సైటు, హన్మకొండ కోచింగ్ పిల్లల కోసం నోటిఫికేషన్లు పెట్టే సైటు, కొత్తవాడ జంపఖానాలు అమ్మే సైటు, నాలుగు మండలాల వార్తలు వేసే సైటు. ఇలాంటి చిన్న సైట్ల వెనక చాలాసార్లు ఒక్క మనిషే ఉంటారు. వార్త రాసేది, ఫొటో కత్తిరించేది, ప్లగిన్లు, అంటే సైటుకు తగిలించిన చిన్న ప్రోగ్రాంలు అప్‌డేట్ చేసేది, వాట్సాప్ గ్రూపుల్లో లింకు వేసేది, ఫోనులో అడిగినవాళ్లకు జవాబు టైపు చేసేది అన్నీ ఆ రెండు చేతులే. పెద్ద ఆఫీసులో నలుగురైదుగురు పంచుకునే కదలికలన్నీ ఇక్కడ ఒకే మణికట్టు మీద పడతాయి. సెలవు రోజంటూ లేదు కాబట్టి ఆ మణికట్టుకు కోలుకునే వ్యవధీ దొరకదు.

మొదట్లో సాయంత్రం కాసేపు గుంజుతుంది, పడుకుని లేస్తే పోతుంది. తర్వాత బండి క్లచ్ పట్టుకున్నప్పుడు చురుక్కుమంటుంది. ఆ తర్వాత అర్ధరాత్రి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. ఈ దశలో ఎక్కువమంది మెడికల్ షాపుకు వెళ్లి ఒక పట్టీ, ఒక బామ్, ఆన్‌లైన్‌లో ఒక జెల్ ప్యాడ్ కొంటారు. వాటి వంతు చివర్లో వస్తుంది. ముందు ఏ భాగం దెబ్బతిన్నదో తెలియాలి, దాన్ని దెబ్బతీస్తున్న కదలిక ఏదో పట్టుకోవాలి, ఆ కదలికను వెబ్‌సైటు పనిలోంచి తీసేయాలి.

నొప్పి ఒకటే అనిపిస్తుంది, లోపల జబ్బులు వేరు

రిపీటిటివ్ స్ట్రెయిన్ ఇంజురీ, పొట్టిగా ఆర్‌ఎస్‌ఐ, ఒకే జబ్బు పేరు కాదు. ఒకే కదలిక లెక్కకు మించి జరిగినందువల్ల వచ్చే చాలా బాధలకు కలిపి పెట్టిన పేరు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఇళ్లలో దీన్ని విడమరిచి చెప్పాల్సిన పనే లేదు. అక్కడ కూలి వెయ్యి బీడీల లెక్కన. ఒక బీడీ చుట్టడంలో బరువేమీ లేదు, దెబ్బంతా ఆ వెయ్యిలో ఉంది. మూట మోసిన చెయ్యి రెండు రోజులు ఆగితే తేరుకుంటుంది. బీడీలు చుట్టిన చెయ్యి తెల్లారి మళ్లీ అదే వెయ్యికి కూర్చుంటుంది. కీబోర్డు కథా ఇదే. ఒక మీట నొక్కడానికి 50, 60 గ్రాముల బలం చాలు, కానీ రోజుకు ఎన్ని వేల మీటలన్నదే ప్రశ్న.

మన దగ్గర చేతిలో ఏది నొచ్చినా నరం గుంజింది అంటాం. నిజానికి లోపల రెండు రకాల తీగలున్నాయి. ఒకటి కబురు మోసే నరం. రెండోది టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు. నరం నలిగితే తిమ్మిరి, మొద్దుబారడం, సూదులు గుచ్చినట్టు ఉండడం. తాడు అరిగితే కదిలించినప్పుడు నొప్పి, నొక్కితే నొప్పి, పొద్దున్నే పట్టేసినట్టు ఉండడం. ఈ తేడా తెలిస్తే సగం చిక్కు వీడినట్టే.

తిమ్మిరి ఏ వేళ్లలో ఉందో చూడండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరం వేలిలో సగం అయితే మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతున్నదని అనుమానించాలి. దీన్నే కార్పల్ టన్నెల్ అంటారు. మణికట్టులో చిన్న ఎముకలు గోడలుగా, ఒక గట్టి పట్టీ పైకప్పుగా ఇరుకు సొరంగం ఉంటుంది. అందులోంచి 9 తాళ్లు, ఈ ఒక్క నరం వెళ్లాలి. మణికట్టును పైకో కిందికో వంచితే లోపల ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది కాబట్టే ఈ తిమ్మిరి రాత్రి ఎక్కువ. చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది.

చిటికెన వేలు, ఉంగరం వేలిలో మిగతా సగం తిమ్మిరెక్కితే దోషం మణికట్టులో ఉండకపోవచ్చు, మోచేతి లోపలి వైపు చూడాలి. మోచేతికి ఏదైనా తగిలినప్పుడు జివ్వుమనే చోటు ఉంది చూడండి, అల్నార్ నరం అక్కడే చర్మం కిందుగా వెళ్తుంది. మోచేతిని టేబుల్ అంచు మీద ఆనించడం, ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని గంటసేపు మాట్లాడడం దీనికి పెద్ద కారణాలు. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి ఉంటే బొటనవేలిని లాగే రెండు తాళ్ల దగ్గర వాపు. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి క్వెర్వెన్ 1895లో దీన్ని వివరించాడు, ఆ పేరే దానికి స్థిరపడింది. ఈ రోజుల్లో ఇది ఫోనులో బొటనవేలితో టైపు చేసేవాళ్లకు, బట్టలు పిండేవాళ్లకు, చంటిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకు ఎక్కువ. మోచేతి బయటి వైపు నొప్పి, అరచెయ్యి కిందికి పెట్టి చెంబు ఎత్తితే ఇంకా నొప్పి అయితే అది టెన్నిస్ ఎల్బో. మౌస్ మీద వేలు ఎప్పుడూ గాల్లో లేపి ఉంచేవాళ్లకు వస్తుంది.

ఇంట్లో చేసుకునే పరీక్షలు రెండున్నాయి. రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి పెట్టి 60 సెకన్లు ఉండండి. తిమ్మిరి మొదలైతే కార్పల్ టన్నెల్ వైపు సూచన. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించి, మణికట్టును మెల్లగా చిటికెన వేలి వైపు వంచండి. బొటనవేలి మొదట్లో కుట్టినట్టు నొస్తే డి క్వెర్వెన్ వైపు సూచన. ఇవి సూచనలే, డాక్టరు మాటకు బదులు కావు. మెడ తిప్పినప్పుడు చేతిలోకి కరెంటులా దిగితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి మెడను చూపించుకోవాలి.

ఒక్కరికే రెండు మూడు కలిసి ఉండడమూ సాధారణమే. అందుకే పక్కింటాయనకు తగ్గిన పట్టీ మీకు తగ్గించకపోవచ్చు.

ఒక రోజు కదలికల ఖాతా

పల్చటి నోటుబుక్కు ఒకటి తీసుకుని 3 రోజులు రాయండి. ఏ పని, ఎన్ని నిమిషాలు, నొప్పి ఎప్పుడు మొదలైంది, తెల్లారి చెయ్యి ఎలా ఉంది. చివరిది ముఖ్యం. ఈ నొప్పి అప్పటికప్పుడు చెప్పదు, చాలాసార్లు మరునాడు చెబుతుంది. సోమవారం చేసిన పనికి మంగళవారం పొద్దున బిల్లు వస్తుంది.

కదలికల సంఖ్య కూడా కాగితం మీద వేసి చూడాలి. 300 మాటల తెలుగు వార్తను ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చే పద్ధతిలో మాటకు సగటున 9 మీటలు అనుకుంటే 2,700 మీటలు. రోజుకు 10 వార్తలంటే 27 వేలు. దిద్దుబాట్లు, వెనక్కి కొట్టినవి, వాట్సాప్ జవాబులు వేరే. ఇప్పుడు క్లిక్కులు. ఒక వార్తకు ఫొటో తెరవడం, కత్తిరించడం, సైజు తగ్గించడం, పేరు మార్చడం, ఎక్కించడం, వర్గం ఎంచడం, లింకు కాపీ చేయడం, దాన్ని 15 గ్రూపుల్లో వేయడం కలిపితే సులువుగా 100 దాటుతాయి. ఖాతా రాసిన చాలామందికి ఆశ్చర్యం కలిగించేది ఈ రెండో అంకే. రాయడం వల్ల నొస్తోందనుకుంటారు, తీరా చూస్తే సగం భారం ఫొటోలదీ వాట్సాప్‌దీ.

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ 1713లోనే రాతగాళ్ల చేతి బాధకు మూడు కారణాలు చెప్పాడు. కదలకుండా కూర్చోవడం, చేతిని ఎప్పుడూ ఒకే తీరుగా ఆడించడం, తప్పు పోకూడదని మనసు బిగబట్టుకోవడం. మూడోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఫలితాలు వచ్చిన రోజు పక్క సైటు కంటే ముందు పెట్టాలని కూర్చున్నవాళ్ల భుజాలు చూడండి, చెవుల దాకా లేచి ఉంటాయి.

తెలుగు టైపింగ్‌లో భారం ఎక్కడుంది

తెలుగు రాసేవాళ్ల చేతి బాధకు ఇంగ్లీషు పుస్తకాల సలహాలు పూర్తిగా సరిపోవు, ఎందుకంటే మన ఒత్తులూ గుణింతాలూ వాటి లెక్కలో లేవు. తెలుగు అక్షరాలను నేరుగా మీటల మీద పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి పంచారు. ఆ పంపకం చేతులకు మంచిదే. స్త్రీ అనే అక్షరం తీసుకోండి. స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుణింతం, మొత్తం 6 మీటలు. పొల్లు ఉండేది ఇంగ్లీషు డి మీట మీద, అంటే ఎడమ మధ్యవేలి కింద. తెలుగులో ఎన్ని ఒత్తులుంటే అన్నిసార్లు ఆ ఒక్క వేలే దిగాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో పనిచేసేవాళ్లకు ఎడమ మధ్యవేలు ముందుగా మొరాయిస్తే కారణం అదే.

రెండోది షిఫ్ట్. ణ, ళ, శ, ష, ఖ, భ, ధ లాంటివన్నీ, మాట మొదట్లో వచ్చే అచ్చులన్నీ షిఫ్ట్ పట్టుకునే కొట్టాలి. చిటికెన వేలు షిఫ్ట్ మీద అదిమి పెట్టి, అదే చేతి ఇంకో వేలితో అక్షరం అందుకోవడానికి అరచెయ్యి పక్కకు విరుచుకోవడం చాలామంది అలవాటు. మణికట్టు చిటికెన వేలి వైపు వంగే ఈ భంగిమ తాళ్లను రాపిడి పెడుతుంది. దీనికి విండోస్‌లో మందుంది. షిఫ్ట్‌ను వరసగా 5 సార్లు నొక్కితే స్టికీ కీస్ అడుగుతుంది, సరే అనండి. ఇక షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలేసి అక్షరం కొడితే చాలు, పట్టుకుని ఉండక్కర్లేదు. మొదటి రెండు రోజులు తప్పులు పడతాయి, మూడో రోజుకు వేళ్లు నేర్చుకుంటాయి. కంట్రోల్, ఆల్ట్ బటన్లకూ ఇది వర్తిస్తుంది. స్టికీ కీస్ నచ్చకపోతే కనీసం కంట్రోల్ ఒక చేత్తో, అక్షరం ఇంకో చేత్తో కొట్టడం అలవాటు చేసుకోండి.

ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతిలో మీటలు ఎక్కువే పడతాయి. వరంగల్ అనడానికి ఇన్‌స్క్రిప్ట్‌లో 6 మీటలు, ఇంగ్లీషు అక్షరాల్లో 8. అయినా నొప్పి మీదున్నప్పుడు కొత్త కీబోర్డు నేర్చుకోవద్దు. నేర్చుకునే నెలంతా వేళ్లు బిగుసుకుంటాయి, తప్పులు దిద్దడానికి మీటలు రెట్టింపవుతాయి. చెయ్యి కుదుటపడ్డాక రోజుకు 15 నిమిషాల చొప్పున మొదలుపెట్టండి. డీటీపీలో వాడే అను స్క్రిప్ట్‌లో కొట్టి, వెబ్‌సైటుకు కావాల్సిన యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ తప్పులు దిద్దే అలవాటు మాత్రం ఈరోజే మానేయాలి. డీటీపీ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఒకే వార్తకు ఇలా రెండుసార్లు కష్టపడుతున్నారు.

ఇంకో సంగతి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాత మిషన్ మీద లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైనవాళ్లు కంప్యూటర్ మీటలను కూడా మిషన్ మీద కొట్టినట్టే కొడతారు. మీట అడుగుకు తగిలే చప్పుడు పక్క గదిలోకి వినిపిస్తోందంటే అవసరానికి మించి గుద్దుతున్నట్టు.

అసలైన ఊరట గొంతుతో టైపు చేయడంలో ఉంది. క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి టూల్స్‌లో వాయిస్ టైపింగ్ పెట్టి, భాష తెలుగు ఎంచుకోవాలి. ఫోనులో జీబోర్డ్ మైకు గుర్తు నొక్కితే అదే పని. కుదరనివి ఎక్కడంటే, ఒకటి, ఫుల్‌స్టాప్, కామా తెలుగులో చెబితే పడవు, తర్వాత చేత్తో పెట్టుకోవాలి. రెండు, ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు తప్పు పడతాయి. మూడు, ఫ్యాన్ నేరుగా మైకు మీదికి వీస్తే మాటలు మింగేస్తుంది. ఇయర్‌ఫోన్ మైకు నోటికి జానెడు దూరంలో పెట్టుకోండి. ఒక్కో మాటా దిద్దుకుంటూ పోతే చేతికి మిగిలే లాభం సున్నా. పేరా మొత్తం చెప్పేసి, ఒకే పేరు పదిచోట్ల తప్పు పడితే ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒక్కసారి దిద్దండి. ఏకబిగిన 20 నిమిషాలకు మించి చెప్పకండి, మధ్యలో గుక్కెడు నీళ్లు తాగండి. చేతిని కాపాడబోయి గొంతు పోగొట్టుకున్నవాళ్లూ ఉంటారు.

రోజూ వచ్చే మాటలకు టెక్స్ట్ ఎక్స్‌పాండర్ పెట్టుకోవాలి. ఎస్పాన్సో, ఆటోహాట్‌కీ రెండూ ఉచితమే. మూడు అక్షరాల గుర్తు కొట్టగానే మార్కెట్ పేరు, తేదీ, క్వింటాల్ అన్న మాటతో సహా మొత్తం వాక్యం పడిపోతుంది. ధర అంకె ఒక్కటే మీరు వేయాలి. ఫోనులో ఇదే పనికి జీబోర్డ్ సెట్టింగుల్లో పర్సనల్ డిక్షనరీ ఉంది. మీ ఖాతా పుస్తకంలో వారానికి 5 సార్లకు మించి కనిపించిన వాక్యం ఏదైనా ఇందులోకి వెళ్లాల్సిందే.

క్లిక్కులు తీసేసే పని

ఫోను ఫొటో 4,000 పిక్సెళ్ల వెడల్పుతో వస్తుంది, సైటుకు 1,200 చాలు. ఒక్కో ఫొటోనూ తెరిచి తగ్గించే పని మానండి. విండోస్‌లో ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటోల ప్రోగ్రాం తెరిచి బి నొక్కితే బ్యాచ్ కన్వర్షన్ వస్తుంది. ఫోల్డర్ మొత్తం ఎంచుకుని, అడ్వాన్స్‌డ్‌లో పొడవైన వైపు 1,200 అని, ఆప్షన్స్‌లో నాణ్యత 80 అని పెట్టి, వేరే ఫోల్డర్‌లోకి పంపండి. 40 ఫొటోలకు కూడా ఒక్కసారి నడిపితే చాలు. వేరే ఫోల్డర్ అన్నది మర్చిపోతే అసలు ఫొటోల మీదే చిన్నవి ఎక్కి కూర్చునే ప్రమాదముంది, తర్వాత ఎవరైనా ప్రింటుకు అడిగితే ఇవ్వడానికి ఉండదు.

సైటు నడపడానికి వర్డ్‌ప్రెస్ వాడుతుంటే మౌస్‌తో బ్లాకులు, అంటే పేరా, ఫొటో, పట్టిక లాంటి ముక్కలు వెతక్కండి. ఖాళీ వరసలో వాలు గీత (/) కొట్టి బ్లాకు పేరు మొదటి అక్షరాలు కొడితే వస్తుంది. ప్రతి వార్త కింద వచ్చే ఫోన్ నంబరు, గమనిక, వాట్సాప్ లింకు మళ్లీ మళ్లీ వాడుకునేలా ఒక ప్యాటర్న్‌గా దాచుకోండి. ధరల పట్టికను బ్లాకులో గడి గడికీ కొట్టే బదులు గూగుల్ షీట్‌లో ఉంచి అక్కడి నుంచి అతికించండి. విండోస్ బటన్, వి కలిపి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవి 25 దాకా చూపిస్తుంది, అటూ ఇటూ తిరిగే పని తప్పుతుంది.

ప్లగిన్ అప్‌డేట్లు వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి, అంటే 2020 నుంచి, వాటంతటవే జరిగేలా పెట్టుకోవచ్చు. అన్నిటికీ పెట్టొద్దు. డబ్బు కట్టించుకునే ప్లగిన్, థీమ్ రెండూ మీ కళ్లముందే అప్‌డేట్ కావాలి, అవి విరిగితే దాన్ని బాగుచేయడానికి రాత్రంతా చెయ్యి అరిగిపోతుంది. మిగతావాటికి పెట్టేముందు బ్యాకప్ రోజూ తనంతట తానే తీసుకునేలా చేసుకోండి. వ్యాఖ్యల్లో చెత్త ఏరడం ఇంకో క్లిక్కుల గుంత. డిస్కషన్ సెట్టింగుల్లో పాత వ్యాసాలకు 14 రోజుల తర్వాత వ్యాఖ్యలు మూసేసే ఏర్పాటు ఉంది, అది పెట్టి ఊరుకోండి.

వాట్సాప్ ఒకసారికి 5 చోట్లకే ఫార్వర్డ్ చేయనిస్తుంది. 20 గ్రూపులున్న మనిషి ఒక్కో లింకుకు 4 విడతలు చేయాలి, రోజుకు 10 లింకులంటే 40 విడతలు, అంతా బొటనవేలితోనే. 2023లో వచ్చిన ఛానెల్‌లో ఒక్కసారి వేస్తే అందరికీ చేరుతుంది. గ్రూపుల్లో వారం రోజులు ఛానెల్ లింకు ఇచ్చి జనాన్ని అటు మళ్లించండి. కొందరు రారు. వాళ్లకోసం సాయంత్రం ఆనాటి లింకులన్నీ కలిపి ఒకే సందేశం పంపితే సరిపోతుంది. డి క్వెర్వెన్ ఉన్నవాళ్లకు ఈ ఒక్క మార్పు ఏ మందుకంటే ఎక్కువ మేలు చేస్తుందని మా గట్టి అభిప్రాయం.

కుర్చీ, టేబుల్, రెండు ఇటుకలు

ఇంట్లో ఉండే ప్లాస్టిక్ కుర్చీ ఎత్తు సుమారు 17 అంగుళాలు. కూర్చున్నాక మోచెయ్యి సీటు నుంచి ఇంకో 8, 9 అంగుళాల పైన ఉంటుంది. అంటే నేల నుంచి 25, 26 అంగుళాలు. టేబుళ్లు చాలావరకు 30 అంగుళాలు. ఈ 4, 5 అంగుళాల తేడాను ఎవరు భరిస్తున్నారు? భుజాలు పైకి లేచి, మణికట్టు టేబుల్ అంచు మీద విరుచుకుని భరిస్తున్నాయి.

టేబుల్ కాళ్లు కోయక్కర్లేదు, మనిషి లేవాలి. స్పాంజి దిండు వేస్తే కూర్చోగానే అణిగిపోతుంది. నూలు జంపఖానా మడతలు పెట్టి, కూర్చున్నాక 3, 4 అంగుళాలు మిగిలేలా వేయండి, అది అంతగా అణగదు. ఇప్పుడు పాదాలు గాల్లో తేలుతాయి, తొడల కింద నొక్కుకుపోతుంది. దానికి రెండు ఇటుకలు. అడ్డంగా పడుకోబెడితే ఇటుక ఎత్తు 3 అంగుళాలు. వాటిమీద ఒక చెక్క వేసి కాళ్లు పెట్టుకోండి. చెప్పుకోదగ్గ ఖర్చు లేదు.

ల్యాప్‌టాప్‌తోనే పనిచేస్తే మెడ, చెయ్యి రెండిటికీ ఒకేసారి సుఖం ఇవ్వడం కుదరదు. తెర కంటికి సరిపోతే కీబోర్డు ఎత్తవుతుంది. పుస్తకాల దొంతి మీద ల్యాప్‌టాప్ పెట్టి తెర పైఅంచును కంటి ఎత్తుకు తెచ్చి, కీబోర్డు, మౌస్ విడిగా కొనుక్కోండి. కీబోర్డు వెనక ఉండే రెండు చిన్న కాళ్లు లేపకండి, మడిచేయండి. అవి లేస్తే మణికట్టు వెనక్కి విరుగుతుంది. కుడివైపు అంకెల మీటలు లేని 87 మీటల కీబోర్డు అయితే మౌస్ శరీరానికి దగ్గరగా వస్తుంది. మణికట్టు ఆనించే జెల్ ప్యాడ్ టైపు చేస్తున్నప్పుడు వాడేది కాదు, ఆగినప్పుడు అరచెయ్యి మొదలు ఆనించేది. టైపు చేస్తూ దానిమీద అదిమితే సరిగ్గా ఆ సొరంగం పైకప్పునే నొక్కుతున్నట్టు.

నిలువు మౌస్ ముంజేతి మెలిక తగ్గిస్తుంది, క్లిక్కుల సంఖ్య తగ్గించదు. బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవాళ్లు దాన్ని బిగించి పట్టుకుంటే ఇంకా పెరుగుతుంది, బొటనవేలితో తిప్పే ట్రాక్‌బాల్ అసలే వద్దు. మౌస్‌ను ఎడమ చేతికి మార్చడం మంచిదే, అయితే పని తగ్గించకుండా మారిస్తే ఆ చెయ్యీ కొన్నాళ్లకు ఇదే దారి పడుతుంది.

వర్క్‌రేవ్ అనే ఉచిత ప్రోగ్రాంను ప్రతి కొన్ని నిమిషాలకు 30 సెకన్లు, గంటకోసారి 5 నిమిషాలు ఆపమనేలా పెట్టుకోవచ్చు. ఆ 5 నిమిషాల్లో ఫోను తీసి వాట్సాప్ చూస్తే అది విరామం కాదు.

పట్టీ, గోలీ, సూది

రాత్రి తిమ్మిరికి మణికట్టు స్ప్లింట్ బాగా పనిచేస్తుంది, అయితే ఒక మెలిక ఉంది. షాపులో కాక్-అప్ స్ప్లింట్ అని ఇచ్చే చాలావాటిలో అల్యూమినియం రేకు పైకి వంగి ఉంటుంది, అంటే మణికట్టును వెనక్కి విరిచి పెడుతుంది. కార్పల్ టన్నెల్‌కు కావాల్సింది తిన్నగా ఉండే మణికట్టు. స్ప్లింట్ అరచేతి వైపు సంచిలోంచి రేకు బయటికి లాగండి, టేబుల్ అంచు మీద ఆనించి మెల్లగా నొక్కి తిన్నగా చేసి, మళ్లీ లోపలికి తోయండి. పెట్టుకున్నాక మధ్యవేలు, ముంజెయ్యి ఒకే గీతలో కనిపించాలి. పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులుండాలి. రాత్రిపూట 6 వారాలు వాడి చూడాలి, నాలుగు రోజులకు తేల్చొద్దు. పగలు టైపు చేసేటప్పుడు పెట్టుకుంటే వేళ్లు దానితో కుస్తీ పట్టి నొప్పి మోచేతికి, భుజానికి ఎక్కుతుంది.

తాళ్ల బాధ వేరు. నెలల తరబడి ఉన్న టెన్నిస్ ఎల్బోలో వాపు కంటే తాడు నార చెదిరిపోవడమే ఎక్కువ. అందుకే నొప్పి గోలీ మింగినంతసేపే ఊరట. పూర్తిగా కట్టేసి కూర్చున్నా తాడు బలపడదు, కొలిచి ఇచ్చే బరువుతో బలపడుతుంది. ముంజేతిని టేబుల్ మీద పెట్టి, అరచెయ్యి కిందికి చూసేలా అరలీటరు నీళ్ల సీసా పట్టుకోండి. రెండో చేత్తో మణికట్టును పైకి లేపి, వదిలి, 5 సెకన్లలో మెల్లగా దించండి. 15 సార్లు ఒక విడత, రోజుకు 3 విడతలు. పదిలో మూడు మార్కుల నొప్పి దాకా ఫరవాలేదు. అంతకు మించితే సీసాలో నీళ్లు తగ్గించండి. తిమ్మిరి వస్తే ఆపేయండి, అది నరం చెబుతున్న మాట.

డైక్లోఫెనాక్ లాంటి గోలీలు వేసుకుని అదే పని చేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. కడుపు, కిడ్నీలు, బీపీ మీద దాని ప్రభావం ఒకవైపు, ఆగమని చెప్పే నొప్పి నోరు మూయడం ఇంకోవైపు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే నొప్పి సూదీ అంతే. బీ12 గోలీలను నరాల గోలీలని ఇస్తుంటారు. రక్తంలో బీ12 నిజంగా తక్కువైతే అవి కావాలి. సొరంగంలో నలుగుతున్న నరాన్ని అవి వదులు చేయలేవు. షుగరు జబ్బు, గర్భం, థైరాయిడ్ తక్కువ ఉండడం ఇవి కార్పల్ టన్నెల్‌కు దారితీస్తాయి కాబట్టి రెండు చేతుల్లోనూ తిమ్మిరి ఉంటే షుగరుకు హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్షలు ముందు చేయించుకోండి.

ఎముకల డాక్టరు నరాల వేగం కొలిచే నర్వ్ కండక్షన్ పరీక్ష రాస్తే భయపడక్కర్లేదు, చిన్న చిన్న కరెంటు చురుకులే ఉంటాయి. స్టెరాయిడ్ సూది చాలామందికి కొన్ని వారాలో నెలలో హాయినిస్తుంది. షుగరున్నవాళ్లకు కొద్దిరోజులు షుగరు పెరుగుతుంది, ముందే చెప్పాలి. ఆ హాయిని చూసి పాత వేగానికి వెళ్లకూడదు. బొటనవేలి మొదట్లో కండ పల్చబడడం, తిమ్మిరి రాత్రీపగలూ వదలకపోవడం, చేతిలో గ్లాసు జారిపోవడం కనిపిస్తే వెంటనే చూపించాలి. సొరంగం పైకప్పు పట్టీని కోసి వదులు చేసే ఆపరేషన్ చిన్నదే, ఎక్కువగా అదేరోజు ఇంటికి పంపిస్తారు. ఆలస్యం చేస్తే నరం వదులైనా తగ్గిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

తిరిగి పనిలోకి

కాస్త తగ్గిన రోజున మొత్తం బాకీ తీర్చేయాలని కూర్చుని, తర్వాత నాలుగు రోజులు పడుకోవడం దాదాపు అందరూ చేసే తప్పు. ఖాతా పుస్తకంలో నొప్పి సాధారణంగా 20వ నిమిషంలో మొదలవుతుందని ఉంటే 15 నిమిషాలకే ఆపాలి, బాగున్నా సరే. మరునాడు పొద్దున చెయ్యి మామూలుగా ఉంటే అదే కొలత వారం నడపండి. తర్వాతి వారం పదో వంతు పెంచండి. పొద్దున గుంజితే ఒక మెట్టు దిగండి. పళ్లు తోమే చెయ్యి, బండి క్లచ్, 20 లీటర్ల నీళ్ల క్యాను, చపాతీ పిండి కలపడం కూడా ఈ కొలతలోకే వస్తాయి. ఇంటి పనీ సైటూ రెండూ నడిపే ఆడవాళ్లకు ఈ భాగం చాలా ముఖ్యం. బట్టలు పిండడం, పిండి కలపడం ఇంట్లో ఇంకొకరు తీసుకోకపోతే కీబోర్డు ఎంత తగ్గించినా బొటనవేలు తేరుకోదు.

మార్కెట్‌లో మిర్చి సీజను, ఇంటర్ ఫలితాలు, ఎన్నికలు, రెండేళ్లకోసారి మేడారం జాతర. ఇవి ఎప్పుడొస్తాయో దాదాపు ముందే తెలుసు, చెయ్యి పడిపోయేది కూడా సరిగ్గా అప్పుడే. రెండు వారాల ముందే పేజీలు, పట్టికలు, ఫొటోల కింది మాటలు తయారుచేసి డ్రాఫ్టులుగా ఉంచండి. తేదీ తెలిసినవి షెడ్యూల్ చేయండి. ఆ నాలుగు రోజులకు ఇంకో మనిషిని పెట్టుకోండి, డిగ్రీ చదివే పిల్లలైనా సరే. వర్డ్‌ప్రెస్‌లో వాళ్లకు అడ్మిన్ ఇవ్వొద్దు, ఎడిటర్ ఇస్తే ప్లగిన్లు, సెట్టింగులు వాళ్ల చేతికి పోవు. ఏ ఫొటో ఎంత సైజు, శీర్షిక ఎన్ని మాటలు, తప్పు పడితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఒక పేజీలో రాసి ప్రింటు తీసి గోడకు అంటించండి. చెప్పాల్సినవి టైపు చేయకుండా వాయిస్ మెసేజ్‌గా పంపండి. జాతర మొదటిరోజే మొదలుపెడితే నేర్పడానికే చెయ్యి అరిగిపోతుంది, అందుకని వారం ముందే రోజుకు రెండు వార్తలు వాళ్లతో పెట్టించి చూడండి.